దేవదూతలను కాల్చిందెవరు?

1577 ఆగస్టు 4, ఆదివారం. పొద్దున తొమ్మిది దాటింది, ఇంకా పది కాలేదు.

ఇంగ్లండు తూర్పు తీరాన సఫోక్ కౌంటీ. బ్లైత్ నది సముద్రంలో కలిసే ముందు బాడవ నేలల్లో వెడల్పుగా పరుచుకునే చోట, కాస్త మెరక మీద బ్లైత్‌బరా అనే ఊరు. ఊరి పక్కనే, ఊరికి మించిన కొలతలతో హోలీ ట్రినిటీ చర్చి. ఆ పూట జనమంతా లోపలే ఉన్నారు. ఉండక తప్పదు. ఎలిజబెత్ రాణి ఏలుబడిలో ఆదివారం చర్చికి ఎగనామం పెడితే పన్నెండు పెన్నీల జరిమానా. కూలివాడికి అది ఒక రోజు కష్టానికి మించిన సొమ్ము.

పాదిరి బైబిల్లో రెండో పాఠం చదువుతున్నాడు. రెండు పక్కలా పైవరుసలో బారులు తీరిన కిటికీల్లోంచి ఎప్పుడూ ధారగా దిగే వెలుగు ఆ పొద్దున మసకబారింది. ఉరుము వినిపించగానే తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కుని ఉంటారు. మనకైతే అర్జునుడి పది పేర్లున్నాయి, ‘అర్జునా, ఫల్గుణా’ అనుకుంటూ చెవులు మూసుకుంటాం. వాళ్ల తాతలకూ ఇలాంటి ఆసరాలే ఉండేవి. ఉరిమితే చర్చి గంటలు మోగించేవారు, పునీతులకు మొక్కుకునేవారు, పాదిరి మంత్రించి ఇచ్చిన కొవ్వొత్తిని ఇంట్లో వెలిగించేవారు. మతసంస్కరణ వచ్చి అవన్నీ మూఢనమ్మకాలంది. 1577 నాటికి వాళ్లకు మిగిలింది చదువుతున్న ఆ పాఠమొక్కటే.

పిడుగు గోడలోంచి వచ్చింది. రాతిని చీల్చుకుని దాదాపు గజం లోతున నేలలో దిగబడింది. ఆ వైపు ఉన్న ఇరవై మందికి పైగా జనం ఒక్కసారిగా నేలకొరిగారు. అక్కడితో ఆగలేదు. గోడ పైదాకా బీట తీసింది, తలుపు పగిలింది, గంటల బురుజులోని దూలాలు చీలిపోయాయి, గంటల యంత్రం తునకలైంది. పడ్డవాళ్లు అరగంట దాటినా లేవలేక నేల మీద పొర్లుతూనే ఉన్నారు. ఇద్దరు మాత్రం కదల్లేదు. ఒకడు నలభై దాటిన మనిషి, ఇంకొకడు పదిహేనేళ్ల కుర్రాడు. మిగతావాళ్లకు ఒళ్లు కమిలింది.

ఇవన్నీ హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథం 1587 కూర్పులో ఉన్న వివరాలు. మక్బెత్, లియర్ కథల కోసం షేక్‌స్పియర్ తిరగేసింది ఈ పుస్తకాన్నే. బురుజు మీది శిఖరం కూడా ఆ రోజే కూలి, చర్చి కప్పును బద్దలుకొట్టుకుని లోపల పడి, బాప్తిస్మపు తొట్టిని నుజ్జు చేసిందని ఊళ్లో చెప్పుకుంటారు. శిఖరం ఇప్పటికీ లేదు, బురుజు మొండిగానే నిలబడి ఉంది.

పిడుగు పడింది, ఇద్దరు పోయారు. కబురు ఇంతే. ఇంత చిన్న కబురును లండన్ ఊరికే వదిలిపెట్టలేదు.

*

అబ్రహాం ఫ్లెమింగ్ అనే యువకుడు అప్పట్లో లండన్ ప్రచురణకర్తల దగ్గర అనువాదాలు, ముందుమాటలు, చిన్న పుస్తకాలు రాసి బతుకుతున్నాడు. ఆ ఏడాదే అతని కరపత్రం ఒకటి అచ్చయింది. అందులో అసలు కథ జరిగింది బ్లైత్‌బరాలో కాదు, బంగే అనే మరో ఊళ్లో. అదే ఆదివారం, అదే గాలివాన. బంగే చర్చిలో మెరుపుల మధ్య ఒక నల్లకుక్క ప్రత్యక్షమైంది. ప్రార్థనలో మోకరిల్లిన ఇద్దరి నడుమ నుంచి దూసుకుపోతూ ఇద్దరి మెడలూ విరిచింది. మూడోవాణ్ని తాకితే అతను మంటకు పెట్టిన తోలులా ముడుచుకుపోయాడు. ఆ తర్వాత కుక్క బ్లైత్‌బరా వచ్చింది. చర్చిలో ఒకప్పుడు పెద్ద సిలువ నిలిచిన అడ్డదూలం మీద నిలబడి, అక్కడి నుంచి ఒక్క ఊపున కిందికి దూకింది. ఇద్దరు మగవాళ్లనూ ఒక కుర్రాణ్నీ చంపింది. ఇంకొకరి చెయ్యి కాల్చింది.

దీంతో లెక్క మారింది. చరిత్ర గ్రంథంలో ఇద్దరు చనిపోతే కరపత్రంలో ముగ్గురు. దారీ మారింది. గ్రంథం ప్రకారం పిడుగు బ్లైత్‌బరాను కొట్టి బంగే వైపు పారిపోయింది. కరపత్రంలో కుక్క బంగే నుంచి ఇటు పరుగెత్తుకొచ్చింది. బంగే చర్చి పుస్తకాల్లో జాన్ ఫుల్లర్, ఆడమ్ వాకర్ అనే ఇద్దరు ప్రార్థన వేళ గంటల గదిలో గాలివానకు చనిపోయినట్టు రాసి ఉంది. కుక్క ఊసు లేదు. అయినవాళ్లను పోగొట్టుకున్న ఊరు కుక్కను చూడలేదు. లండన్‌లో ఉన్న మనిషికి మాత్రం అది కనిపించింది.

ఫ్లెమింగ్‌కు కావలసింది పిడుగు కాదు, పాఠం. పాపులారా, పశ్చాత్తాప పడండి అన్నదే ఆ కరపత్రం సారం. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు ఆ కాలంలో వరదొచ్చినా, తోకచుక్క కనిపించినా, వికృత శిశువు పుట్టినా అచ్చుయంత్రం ఇదే మంత్రం జపించేది. అయినా అతని కల్పనలో ఒక వివరం నన్ను నిలబెట్టింది. కుక్క నిలబడింది మామూలు దూలం మీద కాదు, సిలువను తీసేశాక బోసిపోయిన దూలం మీద. తరతరాలుగా తలెత్తి చూసిన క్రీస్తు ప్రతిమను ప్రభుత్వం దింపించేసింది. ఆ జాగా ఖాళీగా ఉందన్న సంగతి చర్చికి వచ్చే ప్రతి ముసలివాడికీ తెలుసు. ఆ ఖాళీలోకి దయ్యాన్ని ఎక్కించడం పాత మతాన్ని మరిచిపోలేని దేశంలోనే సాధ్యం.

ఇంకో చమత్కారం కూడా ఉంది. కుక్క జాడ లేని ఆ 1587 నాటి హోలిన్‌షెడ్ కూర్పును తీర్చిదిద్దిన వారిలో ముఖ్యుడు ఎవరనుకున్నారు? ఈ ఫ్లెమింగే.

*

ఇంతకీ అంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి ఎలా వచ్చింది?

అప్పట్లో అది చిన్న ఊరు కాదు. బ్లైత్ నదిలో ఆటుపోట్లు ఊరిదాకా వచ్చేవి, వాటితోపాటే పడవలూ వచ్చేవి. రేవు ఉంది, సంత ఉంది. ఉన్ని, చేపలు, కలప చేతులు మారేవి. నది ఒడ్డున అగస్టీనియన్ సన్యాసుల మఠం ఉండేది. ఊరి చర్చి మీద పెత్తనం వాళ్లదే. అంతకు చాలా ముందు, ఏడో శతాబ్దంలో, తూర్పు ఆంగ్లియాను ఏలిన అన్నా అనే రాజు (పేరు అలా ఉన్నా మగవాడే) నది అవతల బుల్‌క్యాంప్ దగ్గర యుద్ధంలో చనిపోతే, ఆయన శవాన్ని ఇక్కడికే తెచ్చారని ఐతిహ్యం. మొత్తం మీద పేరూ పరపతీ ఉన్న ఊరు.

బురుజు 14వ శతాబ్దానిది. దాన్ని అలాగే ఉంచి, మిగిలిన చర్చినంతా 15వ శతాబ్దంలో కొత్తగా కట్టారు. వెనక నిలిచినవారిలో వెస్ట్‌వుడ్ జమీందారు జాన్ హాప్టన్ ఒకడు. 1478లో చనిపోయాడు. అతని సమాధి ఈనాటికీ చర్చిలో ఉంది. పైన పొదిగిన ఇత్తడి ఫలకాలను ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయారు. రాతిలో వాటి గుంటలు మాత్రం మిగిలాయి.

ఆ ప్రాంతంలో మంచి కట్టుడు రాయి దొరకదు. పొలంలో నాగలికి తగిలేదీ, సముద్రపు ఒడ్డున కాలికి గుచ్చుకునేదీ చెకుముకి రాయే. అరచేతిలో పట్టేంత గుండ్లు. మూలలకు, కిటికీ చట్రాలకు పనికిరావు కాబట్టి ఆ కాస్త మేరకు మంచి రాయిని పడవల్లో దూరం నుంచి తెప్పించేవారు. మిగతాదంతా చెకుముకే. పనివాళ్లు గుండును సుత్తితో ఒడుపుగా పగలగొట్టి, నల్లగా మెరిసే లోపలి ముఖం బయటికి వచ్చేలా గోడలో పొదిగేవారు. తెల్లరాతి పలకలో ఆకారం తొలిచి, ఆ ఖాళీని చెకుముకి ముక్కలతో నింపితే తెలుపూ నలుపూ కలిసిన ముగ్గు గోడంతా పరుచుకుంటుంది. తూర్పు గోడ మీద పెద్ద కిటికీ కింద ఇలాగే అక్షరాల వరుస ఒకటి ఉంది. మాటలు కావు, పొడి అక్షరాలు. యేసు, త్రిత్వం, మరియ, అన్న, కాథరీన్‌ల గౌరవార్థం మళ్లీ కట్టిన గుడి అనే లాటిన్ వాక్యంలోని మాటల మొదటి అక్షరాలని వాటిని పండితులు విడదీశారు.

లోపలికి అడుగుపెడితే ముందు తగిలేది వెలుతురు. చర్చి పొడవు సుమారు 127 అడుగులు. జనం కూర్చునే భాగానికీ పాదిరి ప్రార్థన చేసే భాగానికీ మధ్య అడ్డుగోడ లేదు, కమాను కూడా లేదు. ఒక కొస నుంచి మరో కొసకు కప్పు ఏకబిగిన సాగిపోతుంది. ఒక్కో పక్క పైవరుసలో పద్దెనిమిదేసి కిటికీలు. రాతిని తగ్గించి గాజును పెంచుకుంటూ పోయే పర్పెండిక్యులర్ శైలి ఇంగ్లండులో తప్ప యూరప్‌లో మరెక్కడా వేళ్లూనలేదు. దాని బాగు చూడాలంటే పెద్ద పెద్ద కెథడ్రల్స్ కంటే ఇలాంటి ఊరి చర్చిలే మేలని నా అభిప్రాయం. బాడవలకు అవతలి గట్టు నుంచి చూసినవాళ్లు దీన్ని ‘చిత్తడి నేలల కెథడ్రల్’ అంటారు. అసలు కెథడ్రల్ కాదు, బిషప్ పీఠం ఇక్కడ ఎన్నడూ లేదు. అయినా ఆ కిటికీలను చూశాక ఆ పేరును ఎవరూ కాదనరు.

ఇక కప్పు. తెల్లటి పూత మీద ఎరుపు, ఆకుపచ్చ పూలు, మధ్యమధ్య యేసు పేరును సూచించే అక్షరాలు. రంగులు వెలిసినా పూర్తిగా పోలేదు. నడిమి వెన్నుదూలం పొడవునా కొయ్యలో చెక్కిన దేవదూతలు, జంటలు జంటలుగా, వీపుకు వీపు ఆన్చి, చెరో దిక్కుకూ రెక్కలు చాచి ఉంటారు. ముఖాల్లో నవ్వు లేదు, కోపమూ లేదు. ఒక్కో ఈక విడివిడిగా చెక్కారు. కింద నిలబడిన మనిషికి ఆ ఈకలు లెక్కపెట్టడం కుదరదు. వడ్రంగికి ఆ సంగతి తెలుసు, అయినా చెక్కాడు.

కింద కూర్చునే బల్లల కొసలకున్న బొమ్మల తంతు వేరు. మంచం మీద బద్ధకంగా లేచి కూర్చున్న సోమరి, డబ్బు పెట్టె మీద కదలకుండా కూర్చున్న లోభి, బానపొట్ట పట్టుకున్న తిండిపోతు, కాళ్లకు బొండ వేయించుకున్న తాగుబోతు. వీళ్ల సరసనే విత్తనాలు చల్లేవాడూ పంట కోసేవాడూ ఉన్నారు. ప్రసంగం సాగదీసిన రోజున జనానికి కాలక్షేపం, పక్కింటివాడి పోలికలు వెతుక్కునే వీలు.

*

1644 ఏప్రిల్ 9. రాజు చార్లెస్‌కూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం. సఫోక్ పార్లమెంటు పక్షం. చర్చి గుమ్మం ముందు గుర్రాలు ఆగాయి.

వచ్చినవాడు విలియం డౌసింగ్. పాదిరి కాదు. ఇదే కౌంటీలోని లాక్స్‌ఫీల్డ్‌లో పుట్టిన రైతు, యాభైకి దగ్గరపడినవాడు, పుస్తకాల పురుగు. చర్చిల్లోని విగ్రహాలు, సిలువలు, పునీతుల బొమ్మలు తొలగించాలని పార్లమెంటు 1643 ఆగస్టులో శాసనం చేసింది. ఆ డిసెంబరులో మాంచెస్టర్ ప్రభువు దాని అమలును ఇతని చేతిలో పెట్టాడు. ఏడాది తిరక్కుండానే కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్‌లలో 250కి పైగా చర్చిలు తిరిగాడు. ఒక్కో చర్చికి మామూలు రుసుము ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. ఆ ఖర్చు చర్చివాళ్లదే. తమ కిటికీలు పగలగొట్టించుకుని, పగలగొట్టినవాడికి తామే డబ్బిచ్చుకోవాలి.

అతనికి మరో అలవాటుంది, రోజూ డైరీ రాయడం. రాజుల కాలంలోనైనా విప్లవాల కాలంలోనైనా విధ్వంసకులు ఇంత పద్ధతిగా లెక్క రాసిపెట్టడం అరుదు. ఆ లెక్క వల్లనే ఆ రోజు చర్చిలో ఏముందో మనకు తెలుస్తోంది. మూఢాచారపు బొమ్మలు ఇరవై, గోడ బయట ఇంకొకటి. సిలువలు రెండు, ఒకటి ముందు మంటపం మీద, ఒకటి బురుజు మీద. చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించమని కోరే లాటిన్ శాసనాలు మూడు. వాటిని తానే పగలగొట్టినట్టు రాసుకున్నాడు. చర్చిలోనూ పాదిరి భాగంలోనూ కెరూబులు, అంటే దేవదూతలు, ఇరవై. వాటిని దించెయ్యాలి. ఇవి కాక ఇంకో రెండు వందలకు పైగా బొమ్మలు. వాటికి ఎనిమిది రోజుల గడువు.

చర్చి వార్డెన్లు టోపీలు చేతపట్టుకుని అతని వెనకే నడిచి ఉంటారు. అతను వేలెత్తి చూపిన ప్రతిదాన్నీ వాళ్లూ చూసి ఉంటారు. చివరికి అందరి చూపులూ పైకి వెళ్లే ఉంటాయి. కప్పు చాలా ఎత్తు. మామూలు నిచ్చెన అందదు. పరంజా కట్టాలి, కలప కావాలి, కూలి ఇవ్వాలి. ఆ డబ్బు ఎవరిస్తారు? ఈ ఆఖరి ప్రశ్న అక్కడ ఎవరూ నోరు తెరిచి అడిగి ఉండరు.

ఎనిమిది రోజులు గడిచాయి. కిటికీల్లోని రంగుటద్దాలు దాదాపు అన్నీ పోయాయి. నేడు ఆ చర్చి నిండా తెల్లటి వెలుతురు పడుతోందంటే అందులో డౌసింగ్ వాటా పెద్దదే. రెండు వందల బొమ్మల ఆజ్ఞ అమలైంది. దేవదూతలను దించాలన్న ఆజ్ఞ మాత్రం డైరీలోనే ఉండిపోయింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు చర్చి బయటపడింది.

సైనికులు లోపల గుర్రాలు కట్టేశారనీ, స్తంభాలకున్న ఇనుప కడియాలు వాళ్లు దిగగొట్టినవేననీ చెబుతారు. వీటికి తోడు అన్నిటికంటే గట్టిగా నాటుకున్న కథ ఇంకొకటి ఉంది. దూతలు చేతికి అందకపోయేసరికి డౌసింగ్ మనుషులు కింద నిలబడి తుపాకులు పేల్చారట. నమ్మకపోతే చూడండి, రెక్కల్లో రంధ్రాలు!

రంధ్రాలు నిజంగానే ఉన్నాయి. వాటిలో సీసమూ ఉంది. చాలాకాలం ఈ కథకు ఎదురు చెప్పినవారు లేరు.

*

డౌసింగ్ వెళ్లాక చర్చికి శత్రువులు కరువయ్యారు, మిత్రులు కూడా. మఠం 1537లోనే మూతపడింది. ఓడలు పెద్దవవుతున్న కొద్దీ నది ఇరుకైంది, మేట వేసింది. వ్యాపారం సముద్రపు ఒడ్డునున్న సౌత్‌వోల్డ్‌కూ, మిగతా రేవులకూ జారిపోయింది. 1676లో అగ్నిప్రమాదం జరిగి ఊళ్లో చాలా ఇళ్లు బూడిదయ్యాయి. కాలిన ఇళ్లవాళ్లు కొందరు మళ్లీ కట్టుకోకుండా వెళ్లిపోయారు. రేవుపట్నానికి కొలిచి కట్టిన చర్చి పల్లెటూరి చేతిలో పడింది.

ఆ రోజుల నాటి గుర్తులు రెండున్నాయి. గాయకుల బల్ల మీద 1665లో డిర్క్ లోవర్సన్ అనే పన్నెండేళ్ల కుర్రాడు తన పేరు, తేదీ, వయసుతో సహా చెక్కిపెట్టాడు. ఆ బల్లలున్న భాగాన్ని కొంతకాలం బడిగా వాడారు. బాగా చెక్కాడు, శ్రద్ధ పాఠం మీద కన్నా బల్ల మీదే ఉన్నట్టుంది. రెండోది 1682 నాటి కొయ్య సిపాయి. గడియారం పక్కన నిలబడి చేతిలోని చిన్న గొడ్డలితో గంట కొడతాడు. గంటల లెక్క ఇప్పుడతని పని కాదు. ప్రార్థన మొదలయ్యే ముందు తాడు లాగితే ఒక దెబ్బ వేస్తాడు.

ఇక కప్పు. కిటికీ అద్దాలు ఊడుతున్నాయి, బాగు చేయించే స్తోమత లేదు. సందు దొరికితే వచ్చేవి జాక్‌డాలు. మెడ బూడిద రంగులో, కళ్లు తెల్లగా ఉండే చిన్న జాతి కాకులు. పొగగొట్టాల్లో, బురుజుల్లో గూళ్లు పెడతాయి. గూడంటే నాలుగు పుల్లలు కావు, బండెడు పుల్లలు. కప్పు మీద దేవదూతల రెక్కల పైన చదునైన జాగా, పిల్లికి అందని ఎత్తు. కాకికి అంతకన్నా ఏం కావాలి?

1761లో ఒక రోజు.

“అయ్యా, మళ్లీ గూళ్లు పెట్టాయి. ప్రార్థన మధ్యలో బల్లల మీద రెట్టలు పడుతున్నాయి.”

“ఎక్కడ?”

“పైన, రెక్కల సందున.”

“నిచ్చెన అందదుగా. తుపాకి పట్టించు. మందుకీ గుండ్లకీ ఎంతయిందో చెప్పు, పద్దులో వేస్తా.”

మాటలు నా కల్పన. పద్దు కల్పన కాదు. చర్చిలో జాక్‌డాలను కాల్చినందుకు మందుకూ గుండ్లకూ అయిన ఖర్చు ఆ ఏడు చర్చి వార్డెన్ల లెక్కల్లో రాసి ఉంది. చర్చిలో తుపాకి పేల్చడమా అని మనం నోరు వెళ్లబెడతాం కానీ, ఆ కాలపు వార్డెన్‌కు అందులో వింతేమీ లేదు. 1566 నాటి చట్టం ప్రకారం పంట పాడుచేసే కాకులు, ఎలుకలు, నక్కల తలలు తెచ్చినవారికి డబ్బు చెల్లించే బాధ్యత ఇంగ్లండు అంతటా ఈ వార్డెన్లదే. ప్రార్థనకు ద్రాక్షరసం కొన్న చేత్తోనే కాకి తలకూ పద్దు రాసేవాళ్లు.

20వ శతాబ్దంలో మరమ్మతులప్పుడు దూతల కొయ్యలోంచి తీసిన సీసం చూస్తే అవి పిట్టలను కొట్టే చిన్న రవ్వలని తేలింది. అంతర్యుద్ధపు సైనికుడి తుపాకిలో పట్టేది గోలీకాయంత సీసపు గుండు. దానితో కొడితే ఆ సన్నని రెక్కకు రంధ్రం పడదు, రెక్కే ఊడిపడుతుంది. పైగా డౌసింగ్ ఆ రోజు రాసిన పద్దులో పగలగొట్టడం ఉంది, దించమనడం ఉంది, తుపాకి మాట లేదు. తాను చేసింది దాచుకునే మనిషి కాదతను, చేసినదాన్ని గర్వంగా రాసుకునే మనిషి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటి దొంగ చర్చి వార్డెనే. పాపం, దొంగ కూడా కాదు. చర్చిని శుభ్రంగా ఉంచాలనుకున్నాడు.

*

తుపాకి కంటే వాన ఎక్కువ నష్టం చేసింది. 19వ శతాబ్దం వచ్చేసరికి చాలా కిటికీలకు అద్దాలు పెట్టలేక ఇటుకలు పేర్చి మూసేశారు. కప్పు కారేది. వానాకాలపు ఆదివారాల్లో జనం లోపల గొడుగులు వేసుకుని కూర్చునేవారని చెప్పుకుంటారు. చివరికి 1881లో నోరిచ్ బిషప్ ఈ కట్టడం ప్రమాదకరమని చర్చిని మూయించాడు. పిడుగు, డౌసింగ్ కలిసి మూయించలేనిదాన్ని కారే కప్పు మూయించింది.

అప్పుడు మొదలైంది ఇంకో పోరు. ఆ కాలంలో చర్చిని బాగుచేయడమంటే పాతదాన్ని గీకి, కొత్త రాయి పెట్టి, మధ్యయుగం ఇలా ఉండాల్సింది అని తమకు తోచినట్టు తయారుచేయడం. ఇంగ్లండు అంతటా వేలాది చర్చిలకు ఆ వైద్యం జరిగింది. రోగం తగ్గి రోగి మారిపోయేవాడు. దీనికి ఎదురు తిరిగిన కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో పురాతన కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. ‘గీకొద్దు’ అన్న ఒక్క మాటే వాళ్ల నినాదంలాంటిది, ముద్దుపేరు కూడా యాంటీ స్క్రేప్. బ్లైత్‌బరా పని మొదట జి.ఇ.స్ట్రీట్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ చేతిలో ఉంది. ఆయన 1881 చివర్లో చనిపోతే ఆర్థర్ బ్లూమ్‌ఫీల్డ్‌కు వచ్చింది. మోరిస్ సంఘం అడుగడుగునా అడ్డం పడింది. దూతలకు కొత్త రంగు వేయొద్దు, పాత కలపను మార్చొద్దు, కప్పు కారకుండా చేస్తే చాలు. చర్చి కమిటీకి ఒళ్లు మండింది. వానలో తడిసేది తాము, లండన్‌లో కూర్చుని సలహాలిచ్చేది వాళ్లు!

ఎవరు నెగ్గారంటే, నా లెక్కలో పేదరికం నెగ్గింది. గీకించడానికి కావలసినంత చందా పోగుకాలేదు. డబ్బున్న ఊళ్లలో 15వ శతాబ్దపు కప్పులు ఊడబెరికి నిగనిగలాడే కొత్తవి వేయించుకున్నారు. బ్లైత్‌బరాకు ఆ భాగ్యం పట్టలేదు కాబట్టి ఆ పూలు, ఆ వెలిసిన ఎరుపు, ఆ సీసపు రవ్వలు కొయ్యలోనే ఉండిపోయాయి.

చర్చి ఉత్తరపు తలుపు దగ్గర మీరు తప్పకుండా ఆగుతారు, ఎందుకంటే అందరూ ఆగుతారు. తలుపు చెక్క మీద పొడవాటి నల్లటి కాలిన గుర్తులు. దయ్యపు కుక్క పారిపోతూ గీరిన గోళ్ల ముద్రలట. కరపత్రంలో గోళ్ల గుర్తుల ప్రస్తావన ఉంది కానీ అవి బంగే చర్చి తలుపువి, ఇక్కడివి కావు. పాత ఇళ్ల దూలాల మీదా, తలుపుల మీదా ఇలాంటి కన్నీటి చుక్క ఆకారపు మచ్చలు ఇంగ్లండులో చాలాచోట్ల కనిపిస్తాయి. కొవ్వొత్తి మంటను చెక్కకు దగ్గరగా నిలిపి ఉంచితే పడేవి అవి. చాలావాటిని కావాలనే పెట్టారని, ఇంటికి పిడుగూ మంటా తగలకుండా కాచే రక్షలని పరిశోధకులు అంటున్నారు. ఈ తలుపు మీదివీ అలాంటివే అయితే, దయ్యం పెట్టిందని చూపిస్తున్న గుర్తు దయ్యం రాకూడదని మనిషి పెట్టుకున్నదన్నమాట. బంగే ఊరికి ఈ చిక్కులేవీ లేవు. నల్లకుక్కను ఊరి చిహ్నంలోకే ఎక్కించుకుని హాయిగా ఉంది.

చివరగా 1969. బ్లైత్‌బరాకు దక్షిణాన స్నేప్‌లో పాత బార్లీ గోదాము ఒకదాన్ని స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ అంతకుముందే సంగీతశాలగా మార్పించాడు. జూన్ 7న, ఆల్డ్‌బరా సంగీతోత్సవం మొదలైన రాత్రే, ఆ శాల కాలిపోయింది. తర్వాత జరగాల్సినవి మొత్సార్ట్ ఒపేరా ‘ఇడొమెనెయో’ ప్రదర్శనలు. రోజుల వ్యవధిలో వాటిని ఈ చర్చిలోకి మార్చారు. బ్రిటెన్ సంచాలనంలో గాయకులు దేవదూతల కింద నిలబడి పాడారు. ఆ ఒపేరా కథేమిటో ఆ రోజు ప్రేక్షకుల్లో ఎందరు పోల్చుకున్నారో గానీ, అందులో మొదట గాలివాన వస్తుంది. తర్వాత మొక్కు తీర్చలేదని దేవుడు ఊరి మీదికి ఒక భయంకర మృగాన్ని పంపుతాడు.